సీతాకోకచిలుక అంటించిన పెట్టె

మంగళవారం సాయంత్రం వీరాంజనేయులు ఇంట్లో డిష్ బాక్స్ బల్లిలా పలకడం మొదలుపెట్టింది. టక్, టక్. కాసేపు ఆగి మళ్ళీ టక్. రేణు చూస్తున్న సీరియల్లో అత్తగారు కోడలి మీదికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. దెబ్బా పడలేదు, చెయ్యీ దిగలేదు. ఆ తర్వాత తెర నల్లబడింది.

"సత్యం," అన్నాడు వీరాంజనేయులు, సోఫా చెక్క మీద వేలితో తడుతూ. బల్లి పలికినప్పుడల్లా వాళ్ళ నాన్నమ్మ అలాగే అనేదట. అమెరికాలో వీళ్ళుండే షామ్‌బర్గ్‌లో బల్లులుండవు కాబట్టి ఆ మాట అనే అవకాశం అతనికి ఇన్నాళ్ళూ రాలేదు.

"జోకులు తర్వాత. రికార్డ్ చేసుకున్నవన్నీ పోయినట్టేనా?" అంది రేణు.

"లోపల హార్డ్ డిస్క్ పోయినట్టుంది. డిస్కే కదా, మార్చేస్తా."

అంత తేలిగ్గా అనేశాడు కానీ ఆ బాక్స్ వాళ్ళది కాదు. కంపెనీది. కంపెనీ లెక్కల్లో అది ఉన్నది కూడా వీళ్ళింట్లో కాదు, రెండు మైళ్ళ అవతల చక్రపాణి గారింట్లో.

నాలుగేళ్ళ కిందట వీళ్ళు ఊరికి కొత్త. వీరాంజనేయులుది ఆరు నెలల ప్రాజెక్ట్. అది అయిపోతే ఏ ఊరో, ఏ స్టేటో ఎవరికీ తెలీదు. డిష్ కంపెనీ వాడేమో రెండేళ్ళ కాంట్రాక్ట్ సంతకం పెట్టమన్నాడు. "అంతవరకూ నా పేరు మీద ఇంకో బాక్స్ తీసుకోండి. ఊరు మారేటప్పుడు తిరిగిచ్చేద్దురు గాని," అన్నారు చక్రపాణి గారు. ఒక పేరు మీద తీసుకున్న బాక్సులన్నీ ఒకే ఇంట్లో ఉండాలని కంపెనీ రూలు. ఆ రూలు తెలియని తెలుగువాళ్ళు ఊళ్ళో లేరు, పాటించేవాళ్ళూ పెద్దగా లేరు. సగం ఇళ్ళలో బాక్సులది కాపురం ఒకచోట, అడ్రసు ఇంకోచోట. పక్కింటి కరివేపాకు రెమ్మ తుంచుకోవడం కంటే పెద్ద తప్పుగా ఎవరూ అనుకోరు.

ఆరు నెలల ప్రాజెక్ట్ సాగి సాగి నాలుగేళ్ళయింది. ఈలోగా వీళ్ళు మినీవ్యాన్ కొన్నారు, టౌన్‌హౌస్ కొన్నారు. ఇంటికి ముప్పై ఏళ్ళ లోన్ మీద సంతకం పెట్టిన చెయ్యి డిష్‌కి రెండేళ్ళ సంతకం పెట్టలేకపోయింది. బద్ధకం అనుకుంటే బద్ధకం, ఇంకేమన్నా అనుకుంటే అది.

బాక్స్ ఎప్పుడు తిరిగిస్తారని చక్రపాణి గారు అడగలేదు. ఆయన స్టేట్ హైవేస్‌లో ఇంజనీరు, పెద్దమనిషి. శనివారం మధ్యాహ్నాలు తన బేస్‌మెంట్‌లో పిల్లలకి తెలుగు చెప్తారు. ఫీజు లేదు. ఒకసారి కంపెనీ వాళ్ళు ఆయనకి ఫోన్ చేసి, మీ బాక్సులు రెండూ మీ ఇంట్లోనే ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయన్నారు. ఆ సాయంత్రమే రేణుకి ఫోన్ చేసి, "ఇవాళ మీకోసం ఒక అబద్ధమాడానమ్మోయ్," అని నవ్వారు. రేణు కూడా నవ్వింది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ నవ్వు నిలవలేదు. ఈ వీకెండ్ మన పేరు మీద కనెక్షన్ తీసుకుందాం అని మొగుడితో అంది. ఆ వీకెండ్ వెళ్ళిపోయింది. అది జరిగి ఏడాదిన్నర.

బుధవారం వీరాంజనేయులు కొత్త హార్డ్ డిస్క్, దానితోపాటు నక్షత్రం మొన ఉన్న స్క్రూడ్రైవర్ కొనుక్కొచ్చాడు. ఆఫీసులో అతన్ని 'వీర్' అంటారు. డేటాబేసుల మనిషి. అతను చూసే డేటా అంతా ఏ డిస్క్ మీద ఉంటుందో అతనికి తెలీదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. కానీ ఆ సంగతి పెళ్ళాం ముందు ఒప్పుకునే మగాడు ఇంకా పుట్టలేదు. బాక్స్‌ని డైనింగ్ టేబుల్ మీద బోర్లా పడుకోబెట్టి, పాత టవల్ పరిచి, డాక్టరులా చేతులు కడుక్కుని మరీ దిగాడు.

ఒక స్క్రూ మీద వెండి రంగు సీలు అంటించి ఉంది. తీస్తే వారంటీ చెల్లదని దాని మీదే రాసుంది. రేణు చదివి వినిపించింది కూడా.

"అవన్నీ బెదిరింపులే," అంటూ గోటితో గీకేశాడు. సీలు చిరిగింది.

డిస్క్ మార్చడం నిజంగానే పెద్ద పనేమీ కాలేదు. మూత బిగించి ప్లగ్ పెడితే బాక్స్ టక్ అనలేదు. ఇంకేం, వీరుడు కాలర్ ఎగరేశాడు. ఆ తర్వాత తెర మీద ఒక వాక్యం వచ్చింది. ఈ బాక్స్‌కి అనుమతి లేదు, కంపెనీకి ఫోన్ చేయండి అని. తీసి పెట్టాడు, పెట్టి తీశాడు. అదే వాక్యం. ఏ డిస్క్ పడితే ఆ డిస్క్‌ని ఆ బాక్స్ ఒప్పుకోదని అతనికి అర్థమయ్యేసరికి అన్నం చల్లారిపోయింది. పాత డిస్క్ పాతచోటే పెట్టేశాడు. బాక్స్ మళ్ళీ పలకడం మొదలుపెట్టింది.

మిగిలింది చిరిగిన సీలు. తొమ్మిదేళ్ళ కృతి హోంవర్క్ చేసుకుంటూ ఇదంతా చూస్తూనే ఉంది.

"బంగారూ, నీ స్టిక్కర్స్‌లో ఒకటి తే," అన్నాడు.

కృతి తన దగ్గరున్న వాటిలో మంచిది, మెరుపులున్న సీతాకోకచిలుక, తెచ్చిచ్చింది. "వై, నాన్నా?"

"బాగుంటుందని."

కృతికి సమాధానం చాలలేదు కానీ ఊరుకుంది. సీతాకోకచిలుక చిరిగిన సీలు మీద కూర్చుంది.

కంపెనీతో మాట్లాడాలంటే చక్రపాణి గారే మాట్లాడాలి. ఆయనకి ఫోన్ చేసే పని మామూలుగానే రేణు నెత్తిన పడింది. "నువ్వైతే కాదనరు," అన్నాడు వీరాంజనేయులు. ఇలాంటి ఫోన్లకే అతనికి భార్య గొప్పతనం గుర్తొస్తుంది. ఆయన విని, సరేనమ్మా అని, కంపెనీ వాళ్ళతో మాట్లాడి గురువారం సాయంత్రం తిరిగి ఫోన్ చేశారు. రేణు గిన్నెలు కడుగుతూ స్పీకర్ పెట్టింది.

"మనిషే వచ్చి కొత్త బాక్స్ పెట్టి పాతది పట్టుకెళ్తాడటమ్మా. శనివారం పన్నెండుకీ నాలుగుకీ మధ్య. రెండింటికి మన క్లాసు ఉంటుంది కదా. పిల్లల ముందు ఈ వ్యవహారం ఎందుకని ఇంకో రోజు అడిగాను. మూడు వారాల దాకా ఖాళీ లేదట. ఏం చేద్దాం?"

ఏం చేయాలో రేణుకి తెలుసు. మూడు వారాలు ఆగుతామండీ అనాలి. సీరియల్లో అత్తగారు ఎత్తిన చెయ్యి గుర్తొచ్చింది.

"పన్నెండుకల్లా వచ్చేస్తాడు లెండి," అంది.

"సరే, ఉదయమే తెచ్చి బేస్‌మెంట్‌లో పెట్టేయండి. ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకమ్మా. దాన్ని విప్పలేదు కదా మీరు? ఇంట్లోనే ఉందంటే ఏదో అనేశాను. విప్పారా అని అడిగితే మాత్రం నేను అబద్ధం చెప్పలేను."

"అయ్యో, లేదండీ. అసలు ముట్టుకోలేదు."

అనుకుని అన్న మాట కాదు. కడిగిన గిన్నె చెయ్యి జారినట్టు జారింది. వెనక్కి తిరిగితే కృతి పెన్సిల్ ఆపి ఆమెనే చూస్తోంది. ఆ తర్వాత టీవీ కింద ఉన్న బాక్స్‌ని చూసింది.

"హోంవర్క్ చూసుకో," అంది రేణు, అవసరానికి మించి గట్టిగా.

శనివారం పొద్దున బాక్స్‌ని దుప్పట్లో చుట్టి, మంచు మీద జారకుండా, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూస్తూ మినీవ్యాన్‌లోకి ఎక్కించారు. చూస్తే మాత్రం ఏమనుకుంటారు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. చక్రపాణి గారి బేస్‌మెంట్‌లో ఇస్త్రీ బల్ల ఉండే మూల ఖాళీ చేసి, పాత టీవీ పెట్టి, పై నుంచి వైరు కిందికి లాగి, ఈ బాక్స్ ఇక్కడే పుట్టి పెరిగిందన్నట్టు అమర్చారు. ఆయన భార్య రాధారాణి గారు పైన ఒక చిన్న గుడ్డ కూడా కప్పారు. పాపం, ఆవిడ ఏ పనైనా శుభ్రంగా చేస్తారు.

పన్నెండైంది, ఒంటిగంటైంది. మనిషి రాలేదు. రెండింటికి పిల్లలు వచ్చేశారు. వీరాంజనేయులు, "కారు వేడెక్కిస్తూ ఉంటా," అని బయటికి వెళ్ళి మళ్ళీ కనిపించలేదు. రేణు బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుంది.

ఆ క్లాసుకి ఒక పద్ధతి ఉంది. అక్షరాలు, గుణింతాలు అయ్యాక ప్రతి పిల్లా పిల్లాడూ లేచి, ఆ వారం తనకి జరిగినవి ఐదు వాక్యాల్లో తెలుగులో చెప్పాలి. తప్పులొచ్చినా ఫరవాలేదు, ఆయన దిద్దుతారు. జరిగిందే చెప్పాలి, అంతే. ఎవరైనా డిస్నీలాండ్ వెళ్ళానని కోస్తే, "అది కథల క్లాసులో చెప్పుకుందాం, ఇక్కడ జరిగింది చెప్పు," అంటారు. ఏమీ జరగలేదంటే ఒప్పుకోరు. "ఏదో ఒకటి జరిగే ఉంటుంది, తవ్వి చూడు," అంటారు. పిల్లలకి ఇదంటే ఇష్టం. పెద్దలకే కొంచెం భయం. పిల్లల నోట్లో నువ్వుగింజ నానదు కదా.

అనుష్క లేచి, వాళ్ళ కుక్క ఎవరి బూట్లలో వాంతి చేసుకుందో చెప్తుండగా బెల్లు మోగింది.

వచ్చినవాడు చాలా పొడుగ్గా ఉన్నాడు, మర్యాదస్తుడు. బూట్లకి ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని తల వంచుకుంటూ మెట్లు దిగి, పిల్లలకి హలో చెప్పి, మూలనున్న బాక్స్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పలుకుతున్న బాక్స్‌ని విని, డిస్క్ పోయిందన్నాడు. తర్వాత మాటవరసకి అడిగినట్టు ఇంగ్లీషులో అడిగాడు, "ఇది ఎప్పుడూ ఇక్కడే ఉంటుందా?"

చక్రపాణి గారు చేతిలో మార్కర్‌తో బోర్డు పక్కన నిలబడి ఉన్నారు. బోర్డు వైపు చూస్తూ అవునన్నారు.

ఎనిమిది మంది పిల్లలు. ప్రతి శనివారం వచ్చేవాళ్ళు. ఆ మూల ఇస్త్రీ బల్ల ఉండేదని అందరికీ తెలుసు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రేణుకి మెట్లలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

అతను బాక్స్‌ని తిప్పాడు. సీతాకోకచిలుక మీద అతని చూపు ఆగింది. "దీన్ని ఎవరైనా విప్పారా?"

"లేదు," అన్నారు చక్రపాణి గారు. ఈసారి బోర్డు వైపు చూడలేదు. అతని కళ్ళలోకి సూటిగా చూస్తూ, నిటారుగా నిలబడి, ధీమాగా చెప్పారు. ఆయనకి తెలిసినంతవరకూ అది నిజం. "ఎవరూ ముట్టుకోలేదు. ఆ మాట నేను చెప్పగలను."

అతను గోటితో సీతాకోకచిలుక రెక్క ఎత్తాడు. కింద సీలు రెండు ముక్కలు.

చక్రపాణి గారు ఆ సీలు చూశారు. తల తిప్పి మెట్ల మీద ఉన్న రేణుని చూశారు. కోపంగా చూసి ఉంటే ఆమె తట్టుకునేదేమో. అడుగుతున్నట్టు చూశారు. రేణు తల వంచుకుని, వరసగా పెట్టి ఉన్న పిల్లల బూట్ల కేసి చూస్తూ ఉండిపోయింది. తల కొట్టేసినట్టయింది.

అప్పుడు కృతి లేచింది.

"నేను చేశాను," అంది ఇంగ్లీషులో. "కింద ఏముందో చూద్దామని నేనే పీకాను. చిరిగిపోయింది. భయమేసి నా స్టిక్కర్ అంటించేశాను. అంకుల్‌కి తెలీదు. సారీ." చివరి మాట దగ్గర గొంతు కొంచెం సన్నం చేసింది కూడా.

అతను నవ్వాడు. మా ఇంట్లోనూ ఇలాంటిదొకతి ఉందిలే అన్నాడు. కొత్త బాక్స్ పెట్టి, సంతకం తీసుకుని, పాతదాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. దాని మీద సీతాకోకచిలుక ఒంటి రెక్క మీద వేలాడుతోంది.

రేణుకి ముందు కలిగింది సిగ్గు కాదు. హమ్మయ్య అన్న ఊపిరి. దాని వెనకే, ఎంత తెలివిగా చెప్పింది నా కూతురు అన్న గర్వం కూడా చిటికెడు. ఆ గర్వాన్ని చూసుకునేసరికి ఆమెకి ఒళ్ళంతా సిగ్గేసింది. అబద్ధం చెప్పేటప్పుడు పిల్లలు తడబడాలి. కృతి తడబడలేదు. అది ఎవరి దగ్గర నేర్చుకుందో వేరే వెతకక్కర్లేదు.

చక్రపాణి గారు మార్కర్ మూత తీసి, మళ్ళీ పెట్టారు. అనుష్క కుక్క సంగతి ఎంతవరకూ వచ్చిందో ఆయనకి గుర్తులేదు. "తర్వాత ఎవరమ్మా?" అన్నారు.

తర్వాత కృతి. ఈలోగా పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన ఇద్దరు తల్లులు పై మెట్ల మీద నిలబడ్డారు. వాళ్ళ వెనక టీ కప్పులతో రాధారాణి గారు.

కృతి నోరు తెరిచింది. "ఈ వారం మా..." అని ఆగి, తల్లి కేసి చూసింది. ఇంకో వాక్యం వెతుక్కుంది. "బుధవారం నాన్న..." మళ్ళీ ఆగి, మళ్ళీ తల్లి మొహం చూసింది. ఆ వారం ఆ పిల్లకి జరిగిందంతా ఆ బాక్సే. పాడైంది, విప్పారు, స్టిక్కర్ వేశారు, దుప్పట్లో చుట్టి తెచ్చారు. చెప్పడానికి వీల్లేనివి ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోతే ఏమీ మిగల్లేదు.

"ఈ వారం ఏమీ జరగలేదు, అంకుల్," అంది.

చక్రపాణి గారు తవ్వి చూడమనలేదు. ఆ మాట పిల్లలందరికీ కంఠతా వచ్చు, ఆయన అంటారని ఎదురుచూశారు కూడా. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. అడగడానికి ఆయనకి మొహం చెల్లలేదు. తన బేస్‌మెంట్‌లో, తను పెట్టిన ఒక్క నియమం గురించి, తొమ్మిదేళ్ళ పిల్లని అడగలేకపోయారు. ఆయనకి ఆ స్థితి తెచ్చింది తనేనని రేణుకి తెలుసు. ఒక సీరియల్ కోసం.

"జరిగింది కదా కృతీ. చెప్పు," అంది మెట్ల మీద నుంచి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "జరిగింది జరిగినట్టు చెప్పమ్మా. నేనేమీ అనను."

కృతి నమ్మలేనట్టు చూసింది. రేణు తలూపింది. కృతి చేతి వేళ్ళు విప్పి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఈ వారం మా ఇంట్లో బాక్స్ బ్రేక్ అయింది." పై మెట్ల మీద ఎవరో కప్పు సాసర్లో పెట్టిన చప్పుడు. "నాన్న దాన్ని ఓపెన్ చేసింది."

"చేశారు," అన్నారు చక్రపాణి గారు, అలవాటు కొద్దీ.

"చేశారు. సీల్ టేర్ అయితే నేను బటర్‌ఫ్లై ఇచ్చాను."

ఇక్కడితో అయిపోతుందనుకుంది రేణు. సిగ్గుపడాల్సింది ఇంతే అనుకుని, దానికి సిద్ధపడే చెప్పమంది. కానీ కృతికి ఇంకా రెండు వేళ్ళు మిగిలే ఉన్నాయి.

"అంకుల్ ఫోన్‌లో అడిగారు, ఓపెన్ చేశారా అని, అమ్మ లేదు చెప్పింది." నాలుగో వేలు. కృతి మొహంలో ఫిర్యాదు లేదు. జరిగింది చెప్తోంది, అంతే. "అందుకే నేను కూడా అలాగే చెప్పాను."

చక్రపాణి గారు ఈసారి ఏమీ దిద్దలేదు.

రేణు లేచి మెట్లు దిగింది. వెనక ఉన్న తల్లులవి రెండు జతల కళ్ళు, ముందున్న పిల్లలవి ఎనిమిది. "నిజమేనండీ. మీరు అడిగినప్పుడు విప్పలేదని చెప్పాను. మీ చేత ఆ మాట చెప్పించాను," అంది. క్షమించండి అనాలనుకుంది. నోట్లోంచి రాలేదు.

"ఇది ఎప్పుడూ ఇక్కడే ఉంటుందా అంటే నేనూ ఇందాక అవునన్నాను కదమ్మా," అన్నారు చక్రపాణి గారు మెల్లిగా. పిల్లలు వినేలాగే అన్నారు. తర్వాత కృతి వైపు తిరిగారు. "ఐదూ జరిగినవే. కూర్చో తల్లీ. రోహన్, నువ్వు చెప్పు."

క్లాసు అయ్యాక రేణు కూతురికి కోటు తొడిగి, చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది. పై మెట్ల మీది తల్లులు దారిచ్చారు. ఒకావిడ నవ్వబోయి మానేసింది. బయట వీరాంజనేయులు మినీవ్యాన్ వెనక తలుపు తెరిచి, దుప్పటి పరిచి, చేతులు రుద్దుకుంటున్నాడు.

"అయిందా? ఏమన్నా అడిగాడా? బాక్స్ ఏది?"

"వాళ్ళింట్లో ఉంది," అంది రేణు.

"మనది తేలేదా?"

"అది వాళ్ళింట్లోదేనని చెప్పాం కదండీ. అక్కడే ఉండనివ్వండి."

అతను ఆమె మొహం చూసి, తలుపు మూశాడు. ఇంటి మలుపు తిరుగుతుండగా వెనక సీట్లోంచి కృతి అడిగింది.

"అమ్మా, నెక్స్ట్ వీక్ కూడా నిజమే చెప్పాలా?"

రేణు వెనక్కి తిరిగి కూతుర్ని చూసింది. ఆ పిల్ల అడిగి తెలుసుకోవాల్సి వచ్చిందే అని ఆమెకి ఏడుపొచ్చింది.